మోకాలి పక్కన పాట

పురుగుకి తన పేరు పెడుతున్నారని తెలిసిన దగ్గర్నుంచీ ఒడిలోన్ లబార్త్ కాళ్లు నేల మీద ఆనడం లేదు. రొట్టెల కొట్టావిడకి చెప్పాడు. మంగలికి చెప్పాడు. చర్చి ముందు ఇనపబంతులాట ఆడే ముసలాళ్లందరికీ ఒకటికి రెండుసార్లు చెప్పాడు. "కీచురాయికా? నీ వాగుడు చూసి సరిగ్గానే పెట్టారు," అని వాళ్లలో ఎవరో అంటే దానికీ మురిసిపోయాడు. ఆ మురిపెం చూసినప్పుడల్లా, ఆ పేరు పెట్టిన ఆయన శిష్యురాలు మైలీస్ చూపు పక్కకి తిప్పుకునేది.

ఇప్పుడు కొండెక్కుతూ కూడా అదే గోల.

"లబార్తేయి," అని పురుగుకి పెట్టబోయే లాటిన్ పేరు పలికాడు, చేతికర్ర మీద బరువు మోపి ఊపిరి తీసుకుంటూ. "చివర్న ఆ 'యి' ఉంది చూశావూ, దాన్ని కాస్త సాగదియ్యాలి. లేకపోతే ఏదో దగ్గుమందు పేరులా ఉంటుంది."

"సాగదీస్తాంలెండి మాస్టారూ. ముందు నడవండి."

"నడుస్తూనే ఉన్నాగా! నువ్వంటే మేకవి. నేను మనిషిని."

కింద లోయలో గొర్రెల మెడగంటలు మోగుతున్నాయి. ఇంకొన్నాళ్లు పోతే మందలు దిగిపోతాయి, ఆ వెనకే మంచు పడుతుంది, పురుగులన్నీ చస్తాయి. ఈలోపల ఆడపురుగు దొరకాలి. మగవాటిని మైలీస్ అణువణువూ వర్ణించింది, బొమ్మలు వేసింది. ఆడదాని వర్ణన కూడా ఉంటే తప్ప అచ్చెయ్యమని శాస్త్రపత్రికవాళ్లు తెగేసి చెప్పారు.

పురుగుని మొదట పట్టుకున్నది ఎవరంటే, ఒడిలోనే. నిరుడు ఈ వాలులోనే పట్టి, అరచేతిలో పెట్టి చూపించి, "ఇది మామూలు పొదకీచురాయి కాదే. తోక కొక్కెం చూడు. పన్ను మధ్యలో ఉండాలా, మొదట్లో ఉంది," అన్నాడు. "ముసలిది మాస్టారూ, అరిగిపోయుంటుంది," అని తీసిపారేసింది మైలీస్. చలికాలంలో సూక్ష్మదర్శిని కింద పెట్టి చూస్తే తెలిసింది, అరిగింది ఏదీ లేదని. అప్పుడైనా ఆయనకి చెప్పొచ్చు కదా! చెప్పలేదు. కూచుని వ్యాసం రాసుకుంది. పైన తన పేరొక్కటే వేసుకుంది.

ఎందుకంటే ఆ ఊరి మ్యూజియంలో రిటైరైన ఒడిలోన్ కుర్చీలో ఆమె కూచుంది గానీ ఆ కుర్చీ ఆమెది కాలేదు. ఏడాదికోసారి కాగితం తిరగరాస్తారు. ఈ శరదృతువులో ఉద్యోగం ఖాయం చేసే కమిటీ కూచుంటుంది. కొత్త జాతిని ఒంటిచేత్తో వర్ణించిన మనిషంటే ఆ కమిటీ ముందు మాట చెల్లుతుంది. ఇద్దరు కలిసి రాస్తే అది ముసలాయన ఘనతే అంటారు, ఆమెని ఆయన శిష్యురాలి కింద జమకడతారు.

మరి పేరు పెట్టడం దేనికంటే, అదే అసలు కిటుకు. ఈ పురుగుల వాళ్లలో ఒక మర్యాద ఉంది. ఎవరి పేరు వాళ్లు పురుగుకి పెట్టుకోవడం సిగ్గుమాలిన పని. కాబట్టి ఎవరి పేరు పురుగుకి పెడతారో ఆ మనిషి ఆ వ్యాసం రాసినవాళ్లలో ఉండడానికి వీల్లేదు. మెడలో దండ వేసి గుమ్మం బయట నిలబెట్టడమన్నమాట. ఆ మర్యాద ఆమెకి నేర్పిందీ ఈ ముసలాయనే. ఆ సంగతి ఆయనకి తట్టలేదో, తట్టినా పట్టించుకోలేదో ఆమెకి తెలియదు. అడిగే ధైర్యం లేదు.

"ఆడది గనక నా గుడ్డలో పడిందనుకో," అన్నాడు ఒడిలోన్, వాలు పైకి చేరాక నడుం పట్టుకుని. "పురుగు పేరూ నాదే, పట్టిందీ నేనే. ఇంక వ్యాసంలో నీకేం మిగుల్తుందమ్మాయ్? కామాలూ ఫుల్‌స్టాపులూనా?"

ఉత్త హాస్యమే. మైలీస్ నవ్వింది కూడా. ఆ నవ్వు ఆమె గొంతు దాటి లోపలికి పోలేదు.

జూనిపర్ పొదల దగ్గర ఒడిలోన్ మోకాళ్ల మీద కూచుని, కింద తెల్లగుడ్డ పరిచి, కొమ్మ మీద కర్రతో ఒక్కటి వేశాడు. మరీ గట్టిగా కొడితే కీచురాయి కాలు వదిలేసుకుంటుంది. మరీ మెల్లగా కొడితే కొమ్మని ఇంకా కరుచుకుంటుంది. ఆయన దెబ్బ ఎప్పుడూ ఒక్కలాగే పడేది. గుడ్డ మీద ఎండుముళ్లూ, సాలీళ్లూ, ఒక పచ్చ నల్లీ రాలాయి. ముక్కు ఆనేంత వంగి చూసి, "చెత్త," అని గుడ్డ దులిపాడు.

మైలీస్ కాస్త పైన నిలబడి ఉంది. ఎండ బాగా కాస్తోంది. చుట్టూ పొదలన్నీ పాడుతున్నాయి. సన్నగా, తాళంచెవుల గుత్తిని ఎవరో ఆపకుండా ఆడిస్తున్నట్టు. మగవి పాడుతున్నాయంటే ఆడవి ఆ పక్కనే ఎక్కడో ఉన్నట్టే. అన్నిటికన్నా గట్టిగా పాడేది ఒడిలోన్ మోకాలి పక్క పొదలోనే ఉంది.

ఆయన తల పక్కకి వంచాడు. "పాడు గాలి," అన్నాడు. "ఈ గాలిలో ఏం వినపడి చస్తుంది!"

గడ్డిపోచ కదలడం లేదు.

ఆయనకి సన్నటి గొంతులు వినిపించడం మానేసి చాలాకాలమైందని మ్యూజియంలో అందరికీ తెలుసు. మాటలు వినపడతాయి, బస్సు హారన్ వినపడుతుంది. కీచురాళ్లే పోయాయి. పైకి ఎవరూ అనరు. కొండమీదికి వచ్చినప్పుడు పక్కవాళ్ల మొహాలు చూసి, "ఆఁ, విన్నా విన్నా," అనేవాడు. వాళ్లూ తలలూపేవాళ్లు.

ఇవాళ ఆమె మొహంలోకి చూశాడు. ఆ మొహంలో ఏమీ దొరికినట్టు లేదు.

"పాడుతున్నాయా?" అన్నాడు. ఎన్నడూ లేనిది, అడిగేశాడు.

ఉన్నాయంటే ఆయన ఆ పొద కొడతాడు. కొడితే ఆడది పడుతుంది. మొదటిదీ ఆయనే, చివరిదీ ఆయనే పట్టినట్టవుతుంది. పురుక్కి పేరు పెట్టాంలే అన్న దండ అప్పుడు చాలదు. ఇదంతా ఆమె ఆలోచించుకుని అన్నదా అంటే అదీ లేదు. నోట్లోంచి దానంతటదే వచ్చేసింది.

"లేవు మాస్టారూ."

"ఒక్కటీ?"

"ఒక్కటీ లేదు."

రేపు ఒక్కతే వచ్చి వెతుక్కుంటే సరి, అనుకుంది. ఎవరికీ నష్టం లేదు అనుకుంది.

ఒడిలోన్ గుడ్డ మడవడం మొదలెట్టాడు. అంచుకి అంచు కలిపి, మళ్లీ విప్పి, మళ్లీ కలిపి. "నిరుడు మనం పట్టినవన్నీ ఈ కాస్త చోటులోవే కదూ," అన్నాడు.

"అవును."

"ఉన్నవే అవేమో."

"అబ్బే, అలా ఏం కాదు..."

"వేరే ఏ వాలులోనూ లేవు. అవతలి లోయలో వెతికాం, లేవు. ఉన్నదే గుప్పెడు. ఆ గుప్పెడూ చంపే సీసాలో వేశాను." ఆమె వంక చూడకుండా లేచాడు. "నేనే వేశాను మైలీస్. నువ్వు ముసలిది వదిలెయ్యమన్నావు కూడా. నేనే వినలేదు."

తెచ్చుకున్న రొట్టే సాసేజీ విప్పకుండానే సంచిలో ఉండిపోయాయి. దిగేటప్పుడు లబార్తేయి అన్న మాట ఆయన నోట రాలేదు. ఆమె వెనకాలే కొండంతా పాడుతూనే ఉంది. "ఉన్నాయి మాస్టారూ" అని ఒక్క మాట అంటే పోయేది కదా. ఏ మలుపు దగ్గరికి ఆ మలుపు దగ్గర అందామనుకుంది. రోడ్డు వచ్చేసింది.

*

మర్నాడు వాన. ఆ మర్నాడూ వానే. కొండెక్కడం కుదరక మైలీస్ సూక్ష్మదర్శిని ముందు కూచుని తోక కొక్కేన్ని మళ్లీ గీసింది. కుడి కొక్కెం, పైనుంచి. కుడి కొక్కెం, పక్కనుంచి. పన్ను మొదట్లో, లోపలికి వంగి. సూదికి గుచ్చిన మగపురుగు కింద చిన్న చీటీ, దాని మీద ఒడిలోన్ గుండ్రటి రాతలో కొండ పేరు. ఆ చీటీ కనపడకుండా సూదిని కొంచెం తిప్పి పెట్టుకుంది. గీతలు సరిగా పడటం లేదు.

మామూలుగా రోజూ ఆయన కాఫీ వేళకి వచ్చి, కిటికీ దగ్గర నిలబడి, ఆమె పనికి వంకలు పెట్టి పోతాడు. రాలేదు. ఆయన బదులు గొడుగు దులుపుకుంటూ భార్య ఇర్మా వచ్చింది. వచ్చీ రావడమే బల్ల మీద గిన్నె పెట్టింది.

"బీన్స్ సూపు. ఆయన తినని సూపు. నువ్వైనా తిను, పారబొయ్యడానికి నాకు చేతులు రావు." కుర్చీ లాక్కుంది. "ఏం చేశావమ్మా మా ఆయన్ని?"

మైలీస్ పెన్సిలు కింద పెట్టింది. "నేనా?"

"కొండ మీదికి గంతులేస్తూ పంపాను. దిగొచ్చాక ఇదిగో, ఇంతే. పిలిస్తే పలకడు. బంతులాటకి పోలేదు. వాళ్లే ఇంటికొచ్చి, కీచురాయిగారు లేరా అని కేకేశారు. వెధవలు, రోజూ వేసే కేకే. ఈయన మొహం మీద తలుపేశాడు. నేనే బయటికెళ్లి వాళ్లకి క్షమాపణ చెప్పుకోవాల్సొచ్చింది!"

"వంట్లో బాగా లేదేమో."

"వంట్లో కాదు. నేనొక జాతిని చంపేశానే ఇర్మా అన్నాడు. నాకు నవ్వొచ్చింది. పురుగుల్ని చంపుతూనే కదా ఇన్నాళ్లూ ఇల్లు గడిపావ్ అన్నాను. అనకుండా ఉండాల్సింది." ఆమె గొంతు తగ్గింది. "ఏడ్చాడమ్మాయ్. వాళ్లమ్మ పోయినప్పుడు కూడా ఇల్లు సర్దుతూ తిరిగాడు గానీ కన్నీళ్లు పెట్టుకోలేదు."

మైలీస్ పట్టకారు తుడవసాగింది. తుడిచిందే తుడిచింది.

"నిజంగానే ఒక్కటీ లేదా?" అంది ఇర్మా. "ఆయన చెవుల మాట వదిలెయ్, ఊరంతటికీ తెలిసిందేగా. నీ చెవులు మంచివి. నువ్వేమంటావ్?"

ఇప్పుడు చెప్పేస్తే ఇంతటితో తేలిపోతుంది. ఈవిడ ఇల్లు చేరేసరికి ఆయన కొండెక్కేస్తాడు. కానీ మొన్న ఎందుకు లేవన్నావమ్మా అని ఈవిడే అడుగుతుంది ముందు. ఆ ప్రశ్నకి జవాబు ఎంత వెతికినా మంచిది దొరకలేదు.

"ఇంకోసారి చూడాలండి," అంది. "వాన తగ్గాక."

"చూడు తల్లీ. ఒక్కటైనా కనపడాలని మొక్కుకో." గుమ్మం దగ్గర ఇర్మా ఆగింది. "గిన్నె తొందరేం లేదు."

ఆ సూపుని మైలీస్ ముట్టుకోలేకపోయింది. సాయంత్రం దాకా బల్ల మీదే ఉంచి, ఇంటికి పోయేటప్పుడు వంటగది తొట్లో పోసేసింది. పోస్తుంటే తన మీద తనకే అసహ్యమేసింది.

*

వాన వెలిసిన పొద్దున ఒడిలోనే వచ్చాడు. గెడ్డం గీసుకుని, ఎవరి అంత్యక్రియలకో పోతున్నట్టు నల్లకోటు వేసుకుని. కిటికీ దగ్గరికి పోలేదు. ఆమె ఎదురుగా, పనిమీద వచ్చినవాళ్లు కూచునే కుర్చీలో కూచున్నాడు.

"రెండు మాటలు చెప్పి పోతాను. ఒకటి, పురుక్కి నా పేరు తీసెయ్."

"మాస్టారూ!"

"ఉండు. రెండోది, అది బతికే చోటు గురించి రాస్తావు కదా, అక్కడ ఈ వాక్యం వెయ్యి." పాఠం అప్పజెప్పినట్టు చెప్పాడు. "ఈ జాతి ఒకే ఒక్క కొండవాలులో ఉండేది. ఒడిలోన్ లబార్త్ సేకరణ తర్వాత మళ్లీ కనబడలేదు."

ఆ వాక్యం అచ్చులో కనపడింది మైలీస్‌కి. కింద పేరు తనది. ఒకసారి అచ్చయితే ఇంక చెరపడం ఉండదు. ఈ పురుగు గురించి ఎవరు ఎప్పుడు రాసినా ముందు ఆ వాక్యమే ఎత్తి రాస్తారు. ఆమె అబద్ధం సాక్షి సంతకంతో సహా శాస్త్రమైపోతుంది. ఈయన పేరు హంతకుడి పేరుగా మిగిలిపోతుంది.

"అలా ఎవరూ రాయరు," అంది, ఎలాగో.

"ఎవరూ రాయకపోతే నువ్వు రాయి. విన్నావా? వినలేదు. వినలేదని రాయి. నీకు నేర్పింది అదే కదా, ఉన్నదున్నట్టు రాయమని." మెత్తగానే అన్నాడు. "నన్ను కాపాడాలని చూడకు. తప్పు చేసినవాడి పేరు తప్పు దగ్గర ఉండాలి. నేను వర్ణించిన వాటన్నిటికీ నా పేరుంది కదా, దీనికీ ఉండనీ."

తిట్టినా బావుండేది. ఆమె మేకుకున్న కోటు తీసి వేసుకుంది.

"లేవండి. కొండకి పోదాం."

"ఎందుకు? శవాలు ఏరడానికా?"

"లేవండి మాస్టారూ. దణ్ణం పెడతాను, ఏమీ అడక్కండి."

ఆమె ఆయన్నెప్పుడూ అలా ఆజ్ఞాపించలేదు. ఆశ్చర్యపోయి లేచాడు.

*

దారంతా ఇద్దరూ మాట్లాడుకోలేదు. నల్లకోటుతోనే ఎక్కాడాయన. పొదల దగ్గరికి వచ్చేసరికి ఎండ ముదిరింది. తడి ఆరుతున్న జూనిపర్ ముళ్ల వాసన వస్తోంది. పాట మొన్నటికన్నా ఎక్కువగా ఉంది. వాన తర్వాత ఎప్పుడూ అంతే.

"పాడుతున్నాయి," అంది మైలీస్. "మొన్న కూడా పాడాయి. నేనే లేవన్నాను."

ఒడిలోన్ ఆమె భుజం తట్టాడు. "మంచిదానివి."

"మంచిదాన్ని కాదు. నిజం చెప్తున్నాను."

"ఇర్మా చెప్పిందా, ముసలాడు తిండి మానేశాడని? నాకు ఇలాంటివి అలవాటేనమ్మా. ఇన్నేళ్లూ అందరూ ఇదే చేశారు. 'విన్నారుగా మాస్టారూ!' అంటే 'విన్నా'ననేవాణ్ణి. చెవిటివాడికి పాట వినిపించినట్టు నటించడం మీ అందరికీ దయ. నాకూ హాయిగానే ఉండేది." గొంతు గట్టిపడింది. "కానీ ఇవాళ వద్దు. చచ్చినవాటిని బతికున్నాయని చెప్పకు."

నిజం చెప్తే నమ్మడని ఆమె అనుకోలేదు. తిడతాడని అనుకుంది, కొడతాడేమోనని కూడా అనుకుంది. ఏం చెయ్యాలో తోచక ఆయన చెయ్యి పట్టుకుని లాక్కుపోయింది. ఎండకి ఎదురుగా, తమ నీడ పొద మీద పడకుండా. నీడ పడితే అవి నోరు మూసుకుంటాయి. ఆపిన చోట ఆయన్ని మోకాళ్ల మీద కూచోబెట్టి, తనూ కూచుని, కొమ్మని గోటితో పక్కకి నెట్టింది.

మగది ఉంది. గోధుమరంగుది, బొటనవేలంత లేదు. వీపు మీది పొట్టి రెక్కలు కనపడీ కనపడనంత వేగంగా వణుకుతున్నాయి. ఆగాయి. మళ్లీ వణికాయి.

ఒడిలోన్ కళ్లద్దాలు పైకి నెట్టుకుని వంగాడు. చాలాసేపు చూశాడు. పురుగు పాడుతోంది. ఆయన చెవికీ దానికీ మధ్య జానెడు దూరం. ఆయన మొహం చూస్తే ఏమీ వినపడటం లేదని తెలిసిపోతోంది. అయినా పెదాలు కదిలాయి.

"పాడుతోంది," అన్నాడు.

ఆ తర్వాత చూపు కిందికి జారింది. "కదలకు," అని గుసగుసలాడి, చెయ్యి మెల్లగా పోనిచ్చి రెండు వేళ్లతో పట్టుకున్నాడు. పైకి తీస్తే ఆడది. వెనకాల కత్తిలా వంగిన, గుడ్లు పెట్టే గొట్టంతో, నిండు కడుపుతో. జేబులోంచి గాజుగొట్టం తీసి, దాన్ని లోపలికి జార్చి, మూత బిగించి మైలీస్ చేతిలో పెట్టాడు.

"నీకు కావలసింది."

మైలీస్ గొట్టాన్ని పిడికిట్లో పట్టుకుంది. లోపల అది తన్నుకుంటోంది.

"మొన్న ఇవి ఎక్కడ పాడాయి?" అన్నాడు ఒడిలోన్.

"మీ మోకాలి పక్కనే."

ఆయన తన మోకాలి వంక చూసుకున్నాడు, అక్కడింకా ఏదో ఉన్నట్టు. "ఎందుకలా అన్నావ్?"

ఆమె చెప్పింది. కమిటీ సంగతి, వ్యాసం మీద ఒక్క పేరు సంగతి, ఆడది ఆయన చేతికి దొరక్కూడదనుకున్న సంగతి. చెప్తుంటే ప్రతి మాటా చిన్నగా, నీచంగా వినపడింది. పురుక్కి ఆయన పేరు ఎందుకు పెట్టిందో కూడా చెప్పబోయింది.

"అది తెలుసు," అన్నాడు అడ్డుపడి. "నువ్వు పేరు చెప్పిన రోజే తెలుసు. ఆ మర్యాద నేర్పినవాణ్ణి, నాకు తెలియదా? బయటికి గెంటుతున్నావని తెలిసే ఊరంతా డప్పు కొట్టుకున్నాను. పోనీలే, పాట వినలేనివాడు పాడే పురుగు గురించి ఏం రాస్తాడు, ఆ పిల్లకి ఉద్యోగమైనా వస్తుందని సరిపెట్టుకున్నాను." పొదలోకి చూస్తూ ఆగాడు. "అడిగుంటే ఇచ్చేవాణ్ణి. ఇవి చచ్చాయని చెప్పావు చూడు. నేనే చంపానని నేననుకుంటుంటే చూస్తూ కూచున్నావు. ఇంట్లో ఆ ముసల్ది కూడా ఏడ్చింది."

మైలీస్ కళ్లు తుడుచుకుంది. "మీ పేరు వ్యాసం మీద పెడతాను. మొదట మీదే పెడతాను మాస్టారూ."

ఎందుకులే అంటాడనుకుంది. ఆయన అలాంటివాడే.

"పెట్టు," అన్నాడు. "నాదే ముందు పెట్టు. పురుక్కి ఈ కొండ పేరు పెట్టు, మనుషుల పేర్లేమీ వద్దు. కమిటీ సంగతి నీ ఇష్టం."

"అలాగే."

"పాట గురించి రాసే భాగం మాత్రం నువ్వు రాయకు."

"మరి మీకు..." అని ఆగిపోయింది.

"నాకు వినపడదు. అను, ఫర్వాలేదు. ఇంకెవరినైనా పిలుద్దాం. వినగలిగినవాళ్లు ఎవరో ఒకరు ఉంటారు."

"నాకు వినపడుతోంది కదా! ఇప్పుడు కూడా వినపడుతోంది. ఒట్టు మాస్టారూ, ఒక్క ముక్క కల్పించను. విన్నది విన్నట్టే రాస్తాను."

"రాస్తావు," అన్నాడు ఒడిలోన్. ఆ గొంతులో కోపం లేదు. కోటుకి అంటిన ముళ్లు ఒక్కొక్కటే ఏరుకుంటున్నాడు. "కానీ నేను సరిచూసుకోలేను కదమ్మా."

కర్ర ఆనించి లేచి, దిగడం మొదలెట్టాడు. మైలీస్ గొట్టం పట్టుకుని ఆ పొదల మధ్య నిలబడిపోయింది.